చెవులప్పగించిన మేస్టారు

నౌపడ స్టేషన్‌. మద్రాసు రైలు కదిలిపోయింది. దిగిన కుర్రాడు రేకు పెట్టె నెత్తికెత్తుకుని అవతలి పట్టాల వైపు పరుగు తీస్తున్నాడు. అక్కడ బుల్లి బండి ఒకటి పొగ చిమ్ముతోంది. దాని పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. ఎక్కి కూచుంటే ముందు ఉప్పు మళ్ళు, తరవాత టెక్కలి, ఆపైన కొండలు దగ్గర పడతాయి. పాతపట్నం దాటి మహేంద్రతనయ ఏరు అవతలికి చేరితే పర్లాకిమిడి.

అక్కడి రాజావారు సొంత డబ్బుతో వేయించిన ఈ లైను మీద 1900 ఏప్రిల్‌ 1న బండ్లు మొదలయ్యాయి. మొత్తం నలభై కిలోమీటర్లు. అంతకుముందు శ్రీకాకుళం తీరంలోని మన ఉద్దానం నుంచి ఆ ఊరు వెళ్ళాలంటే ఎడ్లబండి కట్టాలి, లేదంటే కాళ్ళీడ్చుకుంటూ నడవాలి. ఇంతా చేసి ఎందుకు వెళ్ళడమంటే, చదువుకి. ఆ రోజుల్లో మా తీరం పిల్లలకి పెద్ద చదువు ఎక్కువగా సంస్థానాల ఊళ్ళలో దొరికేది. అదీ మగపిల్లలకే.

ఈ కుర్రాడికి నేను పేరు పెట్టడం లేదు. అలాంటివాళ్ళు ఎందరో ఆ బండి ఎక్కారు. ఇక్కడ దృశ్యాలు కొన్ని నేను కట్టినవి. ఊళ్ళు, సంవత్సరాలు, పెద్దల పేర్లు మాత్రం ఉన్నవే. వాళ్ళ నోట నా మాటలు పెట్టలేదు.

కుర్రాడు రాజావారి బళ్ళో అడుగు పెడితే చరిత్ర మేస్టారు ఎదురవుతారు. నలభై దాటిన మనిషి. పిలిస్తే పలకరు. పొగరు కాదు, వినపడదు. గట్టిగా, చెవి దగ్గరకొచ్చి చెప్పాలి. అలా చెప్తే మాత్రం ఎంత చిన్న గుంటడి మాటనైనా ఆసాంతం వింటారు. పేరు గిడుగు వెంకట రామమూర్తి పంతులు.

* * *

ఇరవై ఏళ్ళు పైచిలుకు వెనక్కి వెళ్దాం. 1880. ఆ మేస్టారే పర్లాకిమిడి రాజావారి మిడిల్‌ స్కూల్లో ఫస్టుఫారం గదిలోకి మొదటిసారి వస్తున్నారు. పదిహేడేళ్ళు నిండీ నిండని వయసు. జీతం 30 రూపాయలు. ముందు బెంచీ పిల్లలకీ ఆయనకీ పట్టుమని ఆరేడేళ్ళ తేడా ఉండదు.

పుట్టింది 1863 ఆగస్టు 29న, ముఖలింగానికి దగ్గర్లో వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో. తండ్రి వీర్రాజు పర్లాకిమిడి సంస్థానంలో ఉద్యోగి. పిల్లవాడికి పన్నెండేళ్ళప్పుడు జ్వరంతో పోయాడు. తండ్రి లేని పిల్లవాడు విజయనగరం చేరి మహారాజావారి ఇంగ్లీషు బళ్ళో మెట్రిక్యులేషన్‌ దాకా చదివాడు. పక్కన కూచుని చదివినవాడు గురజాడ అప్పారావు. ఒక్క తరగతి గదిలోంచి అలాంటివాళ్ళు ఇద్దరు లేవడం ఆ బడి అదృష్టం అనుకోవాలో, మన అదృష్టం అనుకోవాలో.

మెట్రిక్యులేషన్‌ కాగానే ఇల్లు నిలబెట్టుకోవాలి. పై చదువు వాయిదా పడింది. పిల్లలకి పాఠం చెప్తూనే ప్రైవేటుగా కూచుని 1886లో ఎఫ్‌.ఏ., ఆ తరవాత పదేళ్ళకి బి.ఏ. పూర్తి చేశారు. మిడిల్‌ స్కూలు హైస్కూలైంది, తరవాత కాలేజీ అయింది. మేస్టారు కూడా ఆ బడితోపాటే తరగతి తరగతి ఎదిగారు.

చరిత్ర పాఠం ఆయన ఎలా చెప్పేవారో ఊహించడం కష్టం కాదు. ముఖలింగం అక్కడికి దగ్గరే. మధుకేశ్వరుడి గుడి గోడల మీద, స్తంభాల మీద గంగరాజుల శాసనాలు. ఊళ్ళో వాళ్ళకి అవి గీతలు. వాటిని చదవడం నేర్పే గురువు ఆయనకి దొరకలేదు. పుస్తకాలు తెప్పించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని సొంతంగా నేర్చుకున్నారు. ఒకనాటి కళింగనగరం ఈ ముఖలింగమేనని ఇంగ్లీషులో వ్యాసాలు రాసి పండితుల ముందు పెట్టారు. పుట్టిన పల్లె పొరుగునే ఒక రాజధాని ఉందని పుస్తకంలో చదివి చెప్పే మేస్టారు వేరు, రాయి మీద చెయ్యి పెట్టి చదివి చెప్పే మేస్టారు వేరు.

* * *

సంతరోజు. కొండ మీంచి సవరలు దిగారు. చింతపండు, పసుపు, అడ్డాకులు ముందు పెట్టుకుని కూచున్నారు. షావుకారు ఏదో ధర చెప్తాడు. సవర ఏదో అంటాడు. ఇద్దరి మధ్యా మాట తెలిసినవాడు ఒకడుంటాడు, వాడు చెప్పిందే ధర. తూకం దగ్గర మోసం, అప్పు దగ్గర మోసం, కచేరీలో మోసం. భాష రాని మనిషిని ఎవడైనా అమ్మేయొచ్చు. మా ఉద్దానంలో జీడిపిక్కల రైతుకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మేస్టారు చూస్తున్నారు. ఈ పిల్లలకి చదువు చెప్పాలి. చెప్పాలంటే ముందు తనకి వాళ్ళ మాట రావాలి. సవర భాషకి అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషినొకణ్ణి ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, అతని ముందు కూచుని నేర్చుకోవడం మొదలెట్టారు. పగలు బళ్ళో మేస్టారు, సాయంత్రం ఇంటి అరుగు మీద విద్యార్థి.

సవర మాటలో ఒక చిత్రం ఉంది. పలుకుతూ పలుకుతూ గొంతు చటుక్కున పట్టేసి వదుల్తారు. ఆ నొక్కు ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. మన అక్షరాల్లో దానికి గుర్తు లేదు. తెలుగు చెవికి మొదట అది పట్టదు కూడా. మేస్టారు మళ్ళీ అనమంటారు, అతను మళ్ళీ అంటాడు. కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకుంటారు. మర్నాడు ఆ గుర్తు చూసి తాను పలికితే అతను నవ్వుతాడు. అంటే తప్పన్నమాట. మళ్ళీ మొదలు.

అలా ఏళ్ళ తరబడి సాగింది. సవరలో వాచకాలు రాశారు, కథలూ పాటలూ పోగేశారు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, అక్కడి పంతుళ్ళకి తన జీతంలోంచి జీతాలిచ్చారు. సవర పిల్లలు ఆయన ఇంట్లోనే తిని, అక్కడే చదువుకున్నారు. అప్పట్లో అగ్రకులం ఇల్లొకటి అలా నడవడమంటే ఊళ్ళో ఎన్ని మూతులు ముడుచుకుని ఉంటాయో వేరే చెప్పాలా! 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చు వేయించి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమని అడిగారని చెబుతారు. 1913లో బిరుదునిచ్చారు. బిరుదు ఖర్చులేని పని కదా.

అడవి ఊరికే పోనివ్వలేదు. ఏజెన్సీలో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. దానికి మందు క్వినైను. మోతాదు మీద మోతాదు పడింది, ప్రాణం నిలబడింది, వినికిడి పోయింది. చెవితో ఒక భాషని పట్టుకోవడానికి వెళ్ళిన మనిషి చెవినే అక్కడ ఇచ్చి వచ్చారు. అయినా పని ఆపలేదు. కొడుకు సీతాపతి తండ్రి దగ్గరే సవర నేర్చుకుని పక్కన నిలబడ్డారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. మొదలెట్టినప్పుడు ముప్ఫై నిండని యువకుడు, నిఘంటువు చేతికొచ్చేసరికి డెబ్బై అయిదేళ్ళ ముసలాయన.

* * *

ఇక తెలుగు సంగతి. చాలామంది ఇక్కణ్ణుంచే ఆయన కథ మొదలెడతారు. నాకైతే అది రెండో అంకం.

1906 ప్రాంతం. ఉత్తర సర్కారు జిల్లాలకి జె.ఎ. యేట్స్‌ అనే దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. బడి బడికీ తిరుగుతున్నాడు. పిల్లవాణ్ణి కథ చెప్పమంటే గలగలా చెప్తాడు. అదే కథ పుస్తకంలో ఉన్నట్టు చెప్పమంటే నోరు పెగలదు. పండితుడు పద్యానికి అన్వయం చెప్పి, అర్థం చెప్పి, ఆ అర్థానికి మళ్ళీ అర్థం చెప్తాడు. దొరకి ఇది అంతు పట్టలేదు. విశాఖపట్నం ఏ.వి.ఎన్‌. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. దీనికి జవాబు చెప్పగలవాళ్ళు ఇద్దరున్నారని అయ్యంగారు దారి చూపారు. విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు. ఎప్పటి బెంచీ స్నేహితులు!

అప్పటిదాకా గిడుగు లోకం సవర భాష. తెలుగు గురించి వాదానికి దిగిన మనిషి కాదు. అయితే సవర పిల్లవాడికి వాడి ఇంటి మాటలో చెప్తే చదువు ఎంత త్వరగా అంటుకుంటుందో కళ్ళారా చూసి ఉన్నారు. కొండ మీది గుంటడికి చెల్లిన న్యాయం కింది ఊళ్ళో గుంటడికి ఎందుకు చెల్లదు? వాడుక భాషా ఉద్యమానికి ఊపిరి పోసింది కవిసమ్మేళనాలు కావు, ఆ సవర బడే అని నా నమ్మకం. పండితులు ఒప్పుకోకపోతే మానె.

1911లో ఉద్యోగం విరమించారు. ముప్ఫై ఏళ్ళ నౌకరీ అయింది, అసలు పని మొదలైంది. స్కూల్‌ ఫైనల్లో పిల్లలు వ్యాసం వాడుక భాషలో కూడా రాసుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు ఎదురు నిలిచారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. గురజాడ 1915లో కన్నుమూశారు. గిడుగు ఒక్కరే ఊరూరా తిరిగారు. 1919లో పర్లాకిమిడి నుంచి ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు. అదే ఏడు ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుడితే కందుకూరి వీరేశలింగం అధ్యక్షులు, ఈయన కార్యదర్శి.

1925, తణుకు. ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ. ఎదురుగా వాదానికి కాలు దువ్వే పండితులు. గిడుగు పుస్తకాలు ముందు పేర్చుకుని లేచారు. గ్రాంథికమే రాస్తామనేవాళ్ళు ఎక్కడెక్కడ తప్పారో, పాత కవులు ఏ మాట ఎలా వాడారో పేజీ తీసి చూపిస్తూ నాలుగు గంటలు మాట్లాడారు. నిజానికి అంతకు ముందు ఏడే ఆ పరిషత్తు కాకినాడలో వాడుక భాష మీద నిషేధం ఎత్తేసింది. అయినా మేస్టారు ఊరుకోలేదు. పాఠం అర్థమైందని పిల్లలు తలూపినా మళ్ళీ ఒకసారి చెప్పి చూసుకునే అలవాటు మరి. మధ్యలో ఎవరైనా అరిచినా కేక పెట్టినా ఆయనకి వినబడదు గనక లాభం లేదు. చెవుడు ఒక్కచోటైనా పనికొచ్చింది.

* * *

నౌపడ దగ్గర రైలు మారి పర్లాకిమిడి బళ్ళోకి వెళ్ళిన నిజమైన కుర్రాళ్ళలో మనకి పేరు తెలిసినవాడు తాపీ ధర్మారావు. 1887లో బరంపురంలో పుట్టి, శ్రీకాకుళం, విజయనగరాల్లో చదివి, ఎఫ్‌.ఏ.కి పర్లాకిమిడి వచ్చారు. అక్కడ గిడుగు ఆయనకి గురువు. తరవాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీ, ఆపైన తనూ పంతులుగా బరంపురం.

గురువు చెప్పిన చరిత్ర పాఠం శిష్యుడికి ఎంత గుర్తుందో గానీ, ఆయన పంతం మాత్రం వంటబట్టింది. తాపీ ‘జనవాణి’ పత్రికని జనం మాటలో నడిపారు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీస్తే దానికి మాటలు రాసింది ఈయనే. తెర మీద మనుషులు మనుషుల్లాగా మాట్లాడ్డం జనం విన్నారు. ముసలితనంలో చేమకూర వెంకటకవి ‘విజయవిలాసా’నికి వ్యాఖ్య రాశారు. పాత కావ్యాన్ని పక్కన కూచుని కబుర్లాడినట్టు విప్పి చెప్పే ఆ ‘హృదయోల్లాస వ్యాఖ్య’కి 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గిడుగు పాత కావ్యాలకి శత్రువని అప్పట్లో అపవాదు వేశారు. శిష్యుడి పుస్తకమే దానికి జవాబు. చిన్ననాటి సంగతులు తాపీ ‘రాలూ రప్పలూ’లో చెప్పుకున్నారు.

1936 ఏప్రిల్‌ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి అటు వెళ్ళింది. బుల్లి రైలు మొదలైన తేదీనే ఊరు మారిపోవడం విధి వేళాకోళం. ఈ విభజన వద్దని మొత్తుకున్న మేస్టారు అక్కడ ఉండలేక, అర్ధశతాబ్దం పైగా బతికిన ఊరిని వదిలి, మహేంద్రతనయ ఇవతలికి వచ్చేశారు. రాజమండ్రి చేరారు. అదే ఏడు ఆ కొండల్లోనే మంగెయ్‌ గొమాంగో అనే సవర తన భాషకి సొంత లిపి కట్టుకున్నాడు.

1940 జనవరి 15. మద్రాసులో ‘ప్రజామిత్ర’ కార్యాలయం. ఆ పత్రిక ‘మాలపిల్ల’ తీసిన రామబ్రహ్మందే. డెబ్బై ఏడో ఏట, ఒంట్లో ఓపిక లేని మేస్టారు పత్రికలవాళ్ళని కూచోబెట్టుకుని, చదివేవాడికి అర్థమయ్యే తెలుగులో పత్రికలు నడపమని అడిగారు. ఆయన చెప్పిన ఆఖరి పాఠం అదే. వారం తిరిగేసరికి, జనవరి 22న, వెళ్ళిపోయారు.

* * *

ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29, ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. వజ్రపుకొత్తూరు మండలంలోనూ బడి బడికీ ఫొటో పెట్టి దండ వేస్తారు. ఆ రోజే ఒక బళ్ళో నేను విన్న సంగతి ఇది. వెనక బెంచీ పిల్లవాణ్ణి గిడుగు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

‘‘ఆయనకి చెవులినపడవండీ. అయినా కొండోల మాట నేర్చుకున్నాడండీ. ఇంకేటి నేదండీ.’’

‘‘నేదు ఏట్రా, లేదు అను!’’

పిల్లలు గొల్లుమన్నారు. వాడు కూలబడ్డాడు. పైన దండలో మేస్టారు.

దిద్దకూడదని నేననను. పరీక్షలో ‘లేదు’ అనే రాయాలి, అది వాడికి నేర్పాల్సిందే. నవ్వడమెందుకన్నదే నా పేచీ. నువ్వలరేవు నుంచి వచ్చే కెవిటి పిల్లలు ఇంట్లో ఒడియా మాట్లాడి బళ్ళో తెలుగు చదువుతారు. కొండకేసి వెళ్తే సవర పిల్లలు. వాళ్ళకి మొదటి తరగతుల్లో సొంత భాషలో పాఠాలు సర్కారు బళ్ళలో మొదలైంది 2004 ప్రాంతంలో, సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో. పర్లాకిమిడి అరుగు మీద మేస్టారు నేర్చుకోవడానికి కూచున్న నూరేళ్ళ పైచిలుకు తరవాత.

ఇంకో సంగతి నన్ను తొలుస్తోంది. శిష్యుల్లో తాపీ వంటి కలం పట్టినవాళ్ళ పేర్లు మిగిలాయి. కన్నకొడుకు సీతాపతి తండ్రి గురించి రాసి పెట్టారు. ఆ ఇంట్లో తిని చదువుకున్న సవర పిల్లలు పెద్దయ్యాక తమ వాళ్ళకి మేస్టారి గురించి ఏం చెప్పుకున్నారు? ఎలా పిలిచేవారు ఆయన్ని? వాళ్ళని అడిగి రాసుకోవాలన్న ఆలోచన నాకు తెలిసినంతలో ఎవరికీ రాలేదు. ఆయన్ని అందరికన్నా దగ్గరగా చూసిన విద్యార్థుల జ్ఞాపకాలు వాళ్ళతోనే పోయాయి.

మనమూ అదే చేస్తున్నాం. పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు, ఎక్కడ చూసినా ఇప్పుడు పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు. ఫలానా సంవత్సరం టెన్త్‌ బ్యాచ్‌ అని ఫ్లెక్సీ కడతారు. వణుకుతున్న ముసలి మేస్టార్ని తీసుకొచ్చి కుర్చీలో కూచోబెడతారు. శాలువా, మెమెంటో, గ్రూపు ఫొటో, బిర్యానీ. ఆయన ఏ పాఠం ఎలా చెప్పేవారో, ఎవరి ఫీజు కట్టారో, తుఫానొచ్చిన రాత్రి ఎవరింటికొచ్చి చూశారో ఒక్కరూ కాగితం మీద పెట్టరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్నే దాటింది. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. అటకల మీది పాత రిజిస్టర్లు, ఫొటోలు, ఉత్తరాలు ఎన్ని నానిపోయాయో ఎవరు లెక్కపెట్టారు?

కాబట్టి అన్నలారా, అప్పలారా, ఈసారి సమ్మేళనం పెడితే శాలువా ఖర్చులో కొంత తగ్గించి ఒక దస్తా కాగితాలు కొనండి. వచ్చిన ప్రతి ఒక్కరిచేతా తమ మేస్టారి గురించి ఒక పేజీ రాయించండి. రాయలేనివాళ్ళ మాట ఫోన్లో రికార్డు చెయ్యండి. మేస్టారు బతికుంటే ముందు ఆయన్ని మాట్లాడనివ్వండి. ఆ కాగితాల్లో ఎవరైనా ‘నేదు’ అని రాస్తే దయచేసి దిద్దకండి.